కంపెనీ చరిత్ర రాయబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి,

జర్మనీ రసాయన కంపెనీ బీఏఎస్ఎఫ్ చరిత్ర రాసే పని ఒప్పుకున్నావట, సంతోషం. ముప్పై ఏళ్లు రసాయన కర్మాగారాల్లో షిఫ్టులు చేసినవాణ్ని కనుక అడగకపోయినా చెబుతున్నాను.

వ్యవస్థాపకుడి బాల్యంతో మొదలుపెట్టకు, కంపెనీ పేరుతో మొదలుపెట్టు. బాడెన్ ప్రాంతపు అనిలిన్, సోడా ఫ్యాక్టరీ అని ఆ పేరుకు అర్థం. ఫ్రీడ్రిష్ ఎంగెల్‌హార్న్‌కు మాన్‌హైమ్‌లో బొగ్గు నుంచి గ్యాస్ తీసే వ్యాపారం ఉండేది. అందులో మిగిలే తారు నుంచి అనిలిన్ రంగులు చేయవచ్చని తెలిశాక 1865లో ఈ కంపెనీ పెట్టాడు. స్థలం అక్కడ కుదరక ఫ్యాక్టరీ రైన్ నది దాటి లుడ్విగ్స్‌హాఫెన్‌లో వెలిసింది. ప్రతి అధ్యాయంలోనూ ఏం మిగిలింది, దాన్ని ఏం చేశారు అని వెతుకు.

నీలిమందు కథను తొందరగా దాటేయకు. బేయర్ అనే శాస్త్రవేత్త 1880లోనే దాన్ని ప్రయోగశాలలో చేసి చూపినా, బీఏఎస్ఎఫ్ సరుకు అమ్మకానికి వచ్చింది 1897లో. దాని తయారీలో నాఫ్తలీన్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కాచే దశ సరిగా సాగేది కాదు. ఒకరోజు థర్మామీటరు పగిలి పాదరసం అందులో పడింది, చర్య ఒక్కసారిగా ఊపందుకుంది. పగిలిన గాజుముక్కలు ఏరి పారేసి ఊరుకోకుండా, ఎందుకిలా అయిందని ఆగి చూసిన మనిషి గురించి రాయి. ఆ తర్వాత మన దేశంలో నీలిమందు సాగు ఎలా కూలిపోయిందో కూడా రాయాలి సుమా.

1921 సెప్టెంబర్ 21 ఉదయం లుడ్విగ్స్‌హాఫెన్ పక్కనే ఓపావులో ఉన్న కంపెనీ ఫ్యాక్టరీలో జరిగిన పేలుడుకు ఒక్క వాక్యం సరిపోదు. గోదాములో సుమారు 4,500 టన్నుల ఎరువు గడ్డకట్టి ఉంది. గడ్డకట్టిన ఎరువు ఎంత మొండిదో గునపం పట్టిన నా చేతులకు తెలుసు. వాళ్లు దాన్ని చిన్న చిన్న డైనమైట్ మందుగుండుతో వదులు చేసేవారు. అంతకుముందు వేలసార్లు అలాగే చేశారు, ఏమీ కాలేదు. ఆ రోజు 500 మందికి పైగా చనిపోయారు. 'దురదృష్టకర సంఘటన' అని రాస్తే నేను ఊరుకోను. అన్నిసార్లు ఏమీ కాకపోవడం వల్లే అలవాటు ఎలా ముదిరిందో చూపించు.

1925లో కంపెనీ ఐజీ ఫార్బెన్ అనే జర్మన్ రసాయన కంపెనీల కూటమిలో కలిసింది. నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం పక్కన ఖైదీలతో వెట్టిచాకిరీ చేయించిన సంస్థ అదే. 1952లో బీఏఎస్ఎఫ్ మళ్లీ వేరుగా ఏర్పడింది కదా, అప్పటి పాపం మాది కాదు అని ఎవరైనా అంటే, ఆ ఫ్యాక్టరీలు, ఆ పేటెంట్లు ఎవరివని అడుగు.

థర్మామీటరు అధ్యాయం ముందు రాసి పంపు. కళ్లజోడు మార్చుకున్నాను, చదవగలను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న