నాన్న వాచీకి బ్యాటరీ మిషను వేయించేయాలా? (మీ ప్రశ్నలు – మా జవాబులు)

ప్రశ్న: అన్నా, మా నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసేవారు, పోయి పదేళ్ళు దాటింది. ఆయన హెచ్‌ఎంటీ జనతా వాచీ మొన్న బీరువాలో అమ్మ చీరల కింద దొరికింది. కీ ఇస్తే పది నిమిషాలు ఆడి ఆగిపోతోంది. దగ్గర్లో షాపుకి తీసుకెళ్తే, కీ ఎక్కువ ఇచ్చేశారు, స్ప్రింగు బిగుసుకుపోయింది, పార్టులు దొరకవు, నాలుగొందలివ్వండి బ్యాటరీ మిషను పెట్టేస్తానన్నాడు. పెట్టించేయనా? – గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు తమ్ముడూ, వద్దంటే వద్దు. ఆ నాలుగొందలు నీ జేబులోనే ఉంచు. కీ ఎక్కువై వాచీ ఆగిపోయిందనేది మన తాతల నాటి నుంచీ వింటున్న మాటే. కీ నిండాక గట్టిగా తగిలి ఆగుతుంది, అక్కడ కూడా మొండిగా తిప్పితే తెగుతుందేమో గానీ, నిండా కీ ఉండి కూడా ఆడట్లేదంటే స్ప్రింగుని తిట్టి లాభం లేదు, లోపల నూనె చచ్చిపోయింది. కుట్టు మిషను ఏళ్ళ తరబడి మూలన పడేస్తే పాత నూనె పచ్చగా జిగురు కట్టేస్తుంది కదా, అచ్చం అదే. స్ప్రింగు తోస్తూనే ఉంటుంది, చక్రాలు కదల్లేవు.

అందుకే ముందు చెప్పేది, ఆడుతుందేమో చూద్దామని రోజూ కీ ఇవ్వకు. ఆ వాచీలో 17 జ్యువెల్స్ ఉంటాయి, అంటే ఫ్యాక్టరీలో తయారైన కెంపు రాళ్ళు, ఇరుసుల సన్నటి కొసలు ఆ రాళ్ళ చిల్లుల్లో తిరుగుతాయి. గంటకి 18,000 టిక్కులు, అంటే సెకనుకి ఐదు, రోజంతా లెక్కేస్తే 4,32,000. అంత పని నూనె లేకుండా చేయిస్తే కొసలు అరిగిపోతాయి, అప్పుడు నిజంగానే పార్టులు వెతుక్కోవాలి.

దీనికి కావల్సింది సర్వీసింగ్, పాతవాళ్ళయితే ఓవరాయిలింగ్ అంటారు. వన్‌టౌన్‌లో ఒక పెద్దాయన చేస్తుంటే పక్కన స్టూలేసుకుని కూర్చుని చూశాను ఒకసారి. కంటికి భూతద్దం బిగించుకుని, ముందు ఫ్యాను ఆపించేశాడు, తర్వాత స్ప్రింగులో మిగిలిన కీ మెల్లిగా వదిలేసి, అటూ ఇటూ ఊగుతూ టైము నడిపించే బేలెన్సు చక్రాన్ని పట్టుకారుతో ఎత్తితే దాని కింద వెంట్రుకంత స్ప్రింగు, అదే హెయిర్ స్ప్రింగు, గాల్లో వేలాడుతూ వణికింది, నేను ఊపిరి బిగబట్టేశాను. మొత్తం విప్పి, కడిగి, ఆరబెట్టి, సూదిమొనతో రాయికి ఇంత అని నూనె పెట్టాడు, ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు. ఎక్కువైనా తప్పే, పాకిపోయి హెయిర్ స్ప్రింగుకి అంటుకుంటుంది. వెనక మూత తీసి రెండు చుక్కలు వేసి ఇచ్చేసేవాడి దగ్గరికి వెళ్ళకు, విప్పి కడుగుతారా అని ముందే అడుగు. పార్టు ఏదైనా మారిస్తే పాతది చేతికిమ్మను.

పార్టులు దొరకవన్నది మాత్రం సగం నిజం. 1961లో జపాన్ సిటిజన్ వాళ్ళతో కలిసి బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల వ్యాపారాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది, కాబట్టి కంపెనీ నుంచి కొత్త పార్టుల మీద ఆశ పెట్టుకోకు. కానీ దేశంలో ఇవి ఎన్ని అమ్ముడయ్యాయో, పాత రిపేరువాళ్ళ డబ్బాల్లో చచ్చిన జనతాలు గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఉంటాయి, దాన్నుంచి తీసి దీనికి వేస్తారు.

ఇంకోటి, డయల్‌కి కొత్త పెయింటు వేస్తానంటే ఒప్పుకోకు. ఆన్‌లైన్‌లో నిగనిగలాడే నారింజ, వంగపండు రంగుల్లో వచ్చే పాత హెచ్‌ఎంటీలు చాలామటుకు అలా రంగేసినవే, అక్షరాలు వంకరగా ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది. నాన్నగారి చెమటకి పసుపెక్కిన డయల్ అయితే అలాగే ఉంచేయ్. అద్దం గీతలు పడితే పర్లేదు, అది ప్లాస్టిక్‌లాంటిదే, నూలుగుడ్డ మీద కాస్త టూత్‌పేస్ట్ వేసి ఓపిగ్గా రుద్దితే చిన్న గీతలు పోతాయి.

ప్రశ్న: సార్, నా సీకో 5 వాచీ ఏడాదిగా బానే ఉంది, వారం నుంచి రోజుకి నాలుగు నిమిషాలు ముందుకెళ్ళిపోతోంది. కింద కూడా పడలేదు. – మద్దిలపాలెం నుంచి ఒక విద్యార్థి

జవాబు: రాత్రి వాచీ తీసి ఎక్కడ పెడుతున్నావ్ బాబూ? బ్లూటూత్ స్పీకర్ మీదా, లేదంటే అయస్కాంతం మూతున్న ఫోన్ కవర్ పక్కనా? ఉన్నట్టుండి నిమిషాల లెక్కన ముందుకు పరిగెట్టిందంటే నేను మొదట అనుమానించేది అయస్కాంతాన్నే. హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, బేలెన్సు చక్రం ఊపు వేగం పెరుగుతుంది. స్కూల్లో వాడే చిన్న దిక్సూచి దగ్గరికి వాచీ తీసుకెళ్ళు, ముల్లు గట్టిగా ఊగిందా, దొరికినట్టే. అయస్కాంతాన్ని పోగొట్టే డీమాగ్నటైజర్ మీద నిమిషం పని, విప్పక్కర్లేదు. దీనికి ఫుల్ సర్వీసింగ్ బిల్లేస్తే దణ్ణం పెట్టి వచ్చేయ్. అయస్కాంతం పోయాక కూడా రోజుకి ఇరవై సెకన్లు అటూ ఇటూ ఉంటే అది జబ్బు కాదు, ఈ వాచీల తీరే అంత.

ప్రశ్న: రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడుస్తానండి, వాచీ అద్దం లోపల ఆవిరి పడుతోంది. వెనకాల 30 మీటర్లు వాటర్ రెసిస్టెంట్ అని రాసుంది మరి? – పెదవాల్తేరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆ 30 మీటర్లు చూసి నేనూ మోసపోయినవాణ్ణేనండి. అది కదలని నీళ్ళలో, కొత్త వాచీకి, లేబరేటరీలో పెట్టే ఒత్తిడి లెక్క, మనకి మాత్రం చేతులు కడుక్కున్నప్పుడు చిమ్మే నీళ్ళకి, వానచినుకులకి సరిపోతుందంతే. నేను ఓసారి పాత హెచ్‌ఎంటీ పైలట్ పెట్టుకుని రుషికొండలో మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగాను, అల ఒకటొచ్చి కూలబడేసింది. ఇంటికొచ్చి ఎండలో పెట్టాను, ఆరిపోయింది, ఆడింది కూడా, సంబరపడిపోయాను. ఇరవై రోజులకి ఆగింది. మూత తీస్తే స్క్రూల చుట్టూ ఎర్రగా తుప్పు. నీళ్ళు ఆరాయి గానీ ఉప్పెక్కడికి పోతుంది?

అందుకని ఆవిరి కనబడిన రోజే రిపేరుకి ఇచ్చేయండి, బియ్యం డబ్బాలో పెట్టి ఎదురుచూడకండి. మూతకి, కీ దగ్గర ఉండే రబ్బరు వాషర్లు మార్పించమనండి, మన విశాఖ ఉక్కలో రబ్బరు తొందరగానే పోతుంది. నడక నుంచి రాగానే తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. తోలు పట్టీ అయితే చెమటకి కంపు కొడుతుంది, బీచ్‌కి నైలాన్‌ది వేసుకోండి.

ప్రశ్న: రాత్రి పది దాటాక తేదీ మార్చకూడదంటారు, నిజమా? – ఎంవీపీ కాలనీ

జవాబు: నిజమే. సుమారు రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా చాలా వాచీల్లో తేదీ చక్రం పళ్ళు పట్టుకుని ఉంటాయి, అప్పుడు కీ లాగి తేదీ తిప్పితే పన్ను విరగొచ్చు. ముల్లులు ఆరున్నరకి తెచ్చుకుని మార్చుకో, గొడవే ఉండదు.

ప్రశ్న: మా ఆయన దగ్గర ఆరు వాచీలున్నాయండి. అన్నం పెట్టేశాను రమ్మంటే, ఆగు కీ ఇవ్వాలంటారు. రోజూ ఆరింటికీ కీ ఇవ్వకపోతే పాడైపోతాయా? – సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అస్సలు పాడవవమ్మా. ఆగిపోయిన వాచీ పడుకున్నట్టే, ఏం అరగదు. నెలకోసారి ఒక్కోదాన్నీ ఒకరోజు ఆడిస్తే చాలు, చేతికి పెట్టుకున్నదానికి మాత్రం పొద్దున్నే కీ ఇస్తే సరి, అది కూడా అన్నం టైముకి కాదు. ఆ ఆరింట్లో పాత హెచ్‌ఎంటీ ఏదైనా ఉంటే సైజు చిన్నదే ఉంటుంది, మీ చేతికి బాగుంటుంది, అడక్కుండా తీసి పెట్టేసుకోండి.