నీళ్ల ట్యాంకరు తోలినవాడిగా చెబుతున్నా

"యాత్రా రచనల్లో అరబ్ ఎడారి మనుషుల ఆతిథ్యాన్ని తెగ పొగుడుతారు, అది నిజమేనా? అక్కడ పనిచేసినవాళ్లు చెప్పండి" అని అడిగారు. నిజమే. కాకపోతే అది ఎవరికి దొరుకుతుందో కూడా చెప్పాలి.

మాది జగిత్యాల వైపు. దుబాయ్‌కో సౌదీకో పోయినవాళ్లు మా దగ్గర ఇంటికొకరు ఉంటారు గానీ, ఒమాన్‌లో హైమా అనే చోటికి పోయింది మా ఊళ్లో నేనొక్కడినే. 2008 నుంచి 2015 దాకా అక్కడ నీళ్ల ట్యాంకరు తోలాను. మస్కట్ నుంచి సలాలా పోయే రోడ్డు మీద దాదాపు 550 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది హైమా. దాని చుట్టూ ఉన్న మైదానాన్ని జిద్దత్ అల్ హరాసీస్ అంటారు, అంటే హరాసీస్ తెగవాళ్ల నేల. ఎడారి అంటే క్యాలెండర్ బొమ్మల్లో చూసిన ఇసుక దిబ్బలు, నల్ల గుడారాలే అనుకుని పోయాను. అక్కడ దిబ్బలు లేవు, చదునైన రాతి నేల, గులకరాళ్లు, అక్కడొకటి ఇక్కడొకటి తుమ్మ జాతి చెట్టు. చాలా కుటుంబాలు గుడారాల్లో కూడా లేవు. ఒక పెద్ద చెట్టు చూసుకుని, దాని పక్కన కర్రలు, ఇనుప జాలీ, టార్పాలిన్లతో నీడ చేసుకుని ఉంటారు. పాత రోజుల్లో చెట్టే ఇల్లట, కొమ్మలకే సామాన్లు తగిలించేవారట.

ఆ మైదానంలో తాగడానికి మంచినీళ్లు లేవు. 1950లలో చమురు వెతకడానికి వచ్చినవాళ్లు బావులు తవ్వేదాకా ఒంటెపాలు, మేకపాలే వాళ్లకు నీళ్లు. సముద్రం వైపు నుంచి రాత్రిపూట పొగమంచు వస్తుంది, తెల్లారేసరికి చెట్ల ఆకులు తడిసి ఉంటాయి. ఆ తడితోనే అక్కడ గడ్డి, చెట్టు బతికేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నీళ్లకు ఇంత కరువున్న చోట ఎదురుపడ్డవాడికి తాగడానికి ఇవ్వకపోతే వాడు చస్తాడు. రేపు మనకూ అదే గతి పట్టొచ్చు. అందుకే అక్కడ ఆతిథ్యం అంటే కట్టుబాటు. ఇష్టం ఉన్నా లేకపోయినా చేసి తీరాలి. పుస్తకాలు చదివేవాళ్లు దీన్ని ప్రేమ అనుకుంటారు. ప్రేమ కూడా ఉండొచ్చు, కానీ అది తర్వాత.

మొదటి నెలలోనే నాకు తిట్లు పడ్డాయి. ట్యాంకరును నేరుగా చెట్టు దాకా తోలుకుపోయాను. అలా పోకూడదు. దూరంగా, ముందు వైపు ఆపి, హారన్ కొట్టి, ఎవరైనా బయటికొచ్చి చెయ్యి ఊపేదాకా ఆగాలి. మన ఊళ్లో గడప బయట నిలబడి దగ్గినట్టే. ఆ తర్వాత పలకరింపులు. మగవాళ్లు ముక్కుకు ముక్కు ఆనించుకుంటారు. ఖబర్ ఏమిటని అడుగుతారు. "ఏమీ లేదు, అంతా మంచిదే" అనాలి. వెనక ట్యాంకరు కాలిపోతున్నా ముందు అదే అనాలి! అసలు సంగతి కాఫీ తర్వాత. ఫింజాన్, అంటే చిన్న కాఫీ కప్పు, ఊపితేనే కాఫీ పోయడం ఆపుతారన్నది అందరూ రాస్తారు, వదిలేస్తున్నా.

నేను ఎక్కువగా పోయిన ఒక ఇంట్లో షాయబ్ ఉండేవాడు, అంటే ముసలాయన. ఆయనకు నా ట్యాంకరు జాడ తెలుసు. ఒకసారి నేను దిగీ దిగకముందే, "వెనక ఎడమవైపు టైరు అరిగింది, మార్చుకో" అన్నాడు. ఆ ముందు వారం నేను పోయిన దారిలో ముద్రలు చూశాడట. ఆయన కొంతకాలం ఒరిక్స్ కాపలా పని చేశాడు. ఒరిక్స్ అంటే పొడుగు కొమ్ముల తెల్ల జింక. స్వేచ్ఛగా తిరిగేవాటిలో చివరివాటిని వేటగాళ్లు 1972లో ఆ మైదానంలోనే చంపేస్తే, వేరేచోట పెంచినవాటిని 1982లో తెచ్చి వదిలారు. కాపలాకు హరాసీస్ వాళ్లనే పెట్టారు. 1996 నాటికి 450 దాకా పెరిగి, వేట వల్ల మళ్లీ 65కి పడిపోయాయి. ప్రభుత్వం రక్షిత ప్రాంతాన్ని 90 శాతం తగ్గించేసరికి, 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా నుంచే దాన్ని తీసేసింది. ఆ జాబితా నుంచి ఒక చోటును తీసేయడం అదే మొదటిసారి. ఈ మాట ఎత్తితే షాయబ్ కాఫీ పోయడం ఆపి పక్కకు చూసేవాడు. ఎవరు వేటాడారో ఆయనకు తెలుసని నా అనుమానం. జాడలు చదివేవాడు కదా.

ఆడవాళ్ల గురించి మీరు అడగలేదు గానీ చెబుతా. మొహానికి బుర్ఖా తొడుగు ఉన్నంత మాత్రాన లోపల దాక్కుని ఉంటారనుకోకండి. మగవాళ్లు ఇంట్లో లేకపోతే షాయబ్ భార్యే వచ్చి చాప వేసి కూర్చోబెట్టేది, తొట్టిలో నీళ్ల మట్టం కర్రతో కొలిచి మరీ నాతో లెక్క తేల్చుకునేది. మేకలన్నీ ఆవిడ చేతి కిందే. వాళ్లలో వాళ్లు హర్సూసీ మాట్లాడుకునేవారు. అది అరబీ కాదు, దానికి లిపి లేదు. నాతో మాత్రం విరిగిన అరబీ, హిందీ.

ఇక కంపెనీ సంగతి. ఒకే పోర్టాక్యాబిన్లో ఆరుగురం. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర, చేతిలో బతాకా, అంటే గుర్తింపు కార్డు మాత్రమే. జీతం రెండు నెలలు ఆగడం మామూలే. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలు ఉంది. మీరు డ్రైవర్లు, మీకు ఏసీ ఉంది కదా అనేవారు. ఆ ఏసీ ఏడేళ్లలో ఏడు వారాలు పని చేసిందేమో. వేరేచోట చేరాలంటే పాత యజమాని ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం ఇవ్వాలి, 2014 నుంచి అది లేకుండా వెళ్లిపోతే రెండేళ్లు మళ్లీ రానిచ్చేవారు కాదు. 2021 జనవరి నుంచి ఆ ఎన్‌వోసీ నిబంధన తీసేశారు, ఇప్పుడు పోయేవాళ్లకు ఆ టెన్షన్ తగ్గింది.

1930–31లో బెర్‌ట్రమ్ థామస్ అనే ఆంగ్లేయుడు సలాలా నుంచి దోహా దాకా రుబ్ అల్ ఖాలీ అనే పెద్ద ఇసుక ఎడారిని ఒంటెల మీద దాటాడు, యూరోపియన్లలో ఆయనే మొదటివాడు. ఆయన్ని దాటించింది రషీద్ తెగ బెదూలు, అంటే ఎడారి సంచారులు. పుస్తకాలు రాసిన అలాంటివాళ్లంతా ఎడారిని అతిథి చాప మీద కూర్చుని చూశారు. నీళ్లు తెచ్చేవాణ్ణి కాబట్టి నాకూ ఆ చాప దొరికింది. క్యాంపుకి తిరిగొస్తే నేను మళ్లీ బతాకా నంబరే.

ఒకరోజు షాయబ్ మేకను కోశాడు. పెద్ద పళ్లెంలో అన్నం, పైన మాంసం. మంచి ముక్కలు ఏరి నా వైపు తోశాడు. అప్పుడే ఒంటెల కాపరి నురుగు పాలు తెచ్చాడు. బంగ్లాదేశ్ కుర్రాడు, ఇరవై రెండేళ్లుంటాయి. నేను కొంచెం జరిగి చోటిచ్చాను. షాయబ్ వద్దనలేదు, "కూర్చో, తిను" అన్నాడు కూడా. వాడే కూర్చోలేదు. గిన్నె పెట్టి ఒంటెల దొడ్డి వైపు నడిచి పోయాడు. వాడి అన్నం అక్కడే, విడిగా.

పైపు చుట్టేటప్పుడు ఎందుకు కూర్చోలేదని అడిగాను. "భాయ్, నువ్వు గంటలో పోతావు. నేను రేపు కూడా ఇక్కడే ఉండాలి" అన్నాడు. షాయబ్ వాణ్ణి కొట్టినవాడు కాదు, జీతం ఎగ్గొట్టినవాడూ కాదు. అయినా నాకు వాడి మాట ఇప్పటికీ తప్పనిపించదు.

అక్కడ ఫోను సిగ్నల్ నేల మీద అందేది కాదు. ట్యాంకరు మీదికెక్కి నిలబడితే ఒక గీత వచ్చేది. ఆ రోజు వాణ్ణి పైకెక్కించి నా ఫోన్ ఇచ్చాను. వాళ్లమ్మతో మాట్లాడాడు, మాట్లాడినంతసేపూ హైమా వైపే చూస్తూ. అప్పటి నుంచి ఆ ట్రిప్పు నాకు పావుగంట ఎక్కువ పట్టేది. సూపర్‌వైజర్ అడిగితే, దారికి ఒంటెలు అడ్డమొచ్చాయని చెప్పేవాణ్ణి.