చదువు నేర్పే వీడియో గేమ్స్ తయారీ కెరీర్ అవుతుందా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. అభివృద్ధి చెందుతున్న దేశాల్లోని పిల్లలకు చదువు నేర్పే వీడియో గేమ్స్ తయారు చేయాలని ఉంది. వేరే కోర్సు చేయాలా? ఉద్యోగాలు ఉంటాయా? ఇంట్లో వాళ్లు టెన్షన్ పడుతున్నారు.

జవాబు: కోర్సు సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఈ రంగంలో ఉద్యోగం ఇచ్చేవాళ్లు డిగ్రీ కన్నా ముందు మీరు చేసిన ఆట చూపించమంటారు. గోడో లాంటి ఉచిత గేమ్ ఇంజిన్‌తో (ఆటలు తయారు చేసే సాఫ్ట్‌వేర్‌తో) ఒక్క చిన్న ఆట పూర్తి చేయండి. అక్షరాలు గుర్తుపట్టడమో, పదిలోపు కూడికలో చాలు. సగంలో ఆగిన పెద్ద ఆటలు అందరి దగ్గరా ఉంటాయి.

మీరు తయారీ గురించే అడిగారు. ఆ ఆట పిల్లల చేతికి ఎలా చేరుతుందన్నది అంతకంటే కష్టమైన పని. ఆ పిల్లల ఇంట్లో చాలాసార్లు ఉండేది ఒకటే పాత ఫోన్, అదీ పెద్దవాళ్ల దగ్గర. స్టోరేజ్ నిండిపోయి ఉంటుంది, డేటాకు డబ్బులుండవు. ప్లే స్టోర్‌లో పెట్టి ఊరుకుంటే అలాంటి ఇంటికి మీ ఆట చేరదు.

పిల్లలు సొంతంగా చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకునే సాఫ్ట్‌వేర్ కోసం పెట్టిన గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్ పోటీ గురించి చదవండి. టాంజానియాలో సుమారు 170 గ్రామాల్లో, దాదాపు 3 వేల మంది పిల్లలకు ట్యాబ్లెట్లు ఇచ్చి 15 నెలలు పరీక్షించారు. ఛార్జింగ్‌కు సోలార్ ఏర్పాటు కూడా చేయాల్సి వచ్చింది. మొదట్లో 90 శాతానికి పైగా పిల్లలకు స్వాహిలిలో ఒక్క పదం కూడా చదవడం రాదు. చివరికి ఆ సంఖ్య సగానికి తగ్గింది. 2019లో కిట్‌కిట్ స్కూల్, వన్‌బిలియన్ బృందాలు కోటి డాలర్ల బహుమతి పంచుకున్నాయి. ఫైనల్‌కు వచ్చిన అయిదు బృందాల కోడ్‌నూ అందరికీ ఉచితంగా విడుదల చేశారు. డౌన్‌లోడ్ చేసుకుని చూడండి, ఏ కోర్సూ అంత నేర్పదు.

ఇక ఉద్యోగాలు. ఉన్నాయి, కానీ తక్కువ. ఎడ్‌టెక్ (చదువుకు సాఫ్ట్‌వేర్ చేసే) కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు తీసుకుంటాయి. ఆటకు డబ్బు పెట్టేది చాలావరకు దాతలు, ప్రభుత్వాలే. గ్రాంట్ అయిపోతే ప్రాజెక్టూ ఆగిపోవచ్చు. జీతం కూడా మామూలు గేమ్ కంపెనీల స్థాయిలో ఉంటుందని ఆశించకండి. ఇంట్లో వాళ్ల భయం ఉత్తిది కాదు. అందుకే మొదటి రెండు మూడేళ్లు మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో జీకాంప్రీకి పని చేయమంటాను. అది 2000లో మొదలై, ఎన్నో భాషల్లోకి వెళ్లిన ఉచిత చదువు ఆటల సంపుటి. కోడ్ రాసేవాళ్లతో పాటు అనువాదం చేసేవాళ్లు, గొంతు రికార్డు చేసి ఇచ్చేవాళ్లు కూడా దానికి కావాలి. ఇంటర్నెట్ లేని చోట పాఠాలు నడిపే కోలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌నూ పరిశీలించండి, పంపిణీలో ఉన్న చిక్కులు అర్థమవుతాయి.

ఇంకొకటి, పిల్లలు గంటలకొద్దీ ఆడినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదు. ఆటకు ముందు, తర్వాత చిన్న పరీక్ష పెట్టి తేడా చూడండి. దరఖాస్తులో ఆట లింకు కిందే ఆ ఫలితం, ఆట సైజు ఎన్ని ఎంబీలో, ఎంత పాత ఫోన్‌లో నడిచిందో రాయండి.