డబ్బిచ్చి చేయించుకున్న వెబ్‌సైట్ మన చేతిలోనే ఉండాలంటే అగ్రిమెంట్ సరిపోతుందా?

ప్రశ్న అడిగినవారు ఒక డెవలపర్‌తో సైట్ చేయిస్తున్నారు. "డొమైన్, హోస్టింగ్ అన్నీ నేనే తీసేసుకుంటా, మీకెందుకు శ్రమ" అన్నాడట. డొమైన్ అంటే సైట్ పేరు, హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్లు ఉంచే సర్వర్ చోటు. రేపు పేచీ రాకుండా గట్టి అగ్రిమెంట్ ఒకటి రాయించుకుంటే చాలా అని అడుగుతున్నారు.

చాలదు. రాయించుకోవద్దని అనను, రాయించుకోండి. కానీ వేరేవాళ్లు కట్టి వదిలేసిన సైట్లను సర్దిపెట్టడం నా పని. ఆ అనుభవంతో చెప్తున్నాను, సైట్ ఎవరిదో తేల్చేది సంతకాల కాగితం కాదు, డొమైన్ ఖాతా ఏ ఈమెయిల్ మీద తెరిచారన్నది. 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే లింకు ఎవరి ఇన్‌బాక్స్‌లో పడుతుందో, సైట్ వాళ్లది. మిగతా గొడవంతా ఆ తర్వాతే.

ఈ మాటంటే అందరూ డెవలపర్ మోసగాడైతేనే కదా అంటారు. అసలు తలనొప్పి మంచివాళ్లతోనే ఎక్కువ. మోసగాడితోనైతే కనీసం బేరమాడొచ్చు.

నాకు తెలిసిన ఒక లెక్కల మాస్టారు రిటైరయ్యాక ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్తున్నారు. సైట్ కట్టిచ్చింది ఆయన పాత శిష్యుడే, అప్పటికింకా ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కుర్రాడు బుద్ధిమంతుడు. పని కూడా శుభ్రంగా చేశాడు, తీసుకున్న డబ్బుకి రెండింతలు చేశాడంటే అబద్ధం కాదు. మాస్టారు పద్ధతి మనిషి కాబట్టి కాగితం కూడా రాసుకున్నారు. 'ఈ వెబ్‌సైట్, దానిలోని పాఠాలు, డొమైన్ పేరు సర్వహక్కులతో ఫలానావారివి' అని ఇద్దరూ సంతకాలు పెట్టారు.

కొన్నేళ్లు బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున్నే మాస్టారు ఫోన్ చేసి, సైట్ తెరిస్తే ఏవో ప్రకటనలు వస్తున్నాయన్నారు. చూస్తే డొమైన్ గడువు తీరిపోయింది. సైట్‌తోపాటు ఆ పేరు మీదున్న మెయిల్ కూడా పోయింది, పిల్లలు పంపిన హోంవర్కులన్నీ వెనక్కి కొడుతున్నాయి. కుర్రాడికి ఫోన్ చేశాను.

"అన్నా, ఆటో రెన్యూవల్ పెట్టాను కదా" అన్నాడు. పెట్టాడు. కాకపోతే ఆ కార్డు గడువు అంతకుముందే తీరిపోయింది. సరే, లాగినై ఇప్పుడు కట్టెయ్యమన్నాను. పాస్‌వర్డ్ గుర్తులేదన్నాడు. రీసెట్ కొట్టమన్నాను. కాసేపు అవతల కీబోర్డు చప్పుడు, ఆ తర్వాత అదీ లేదు.

"అన్నా... అది కాలేజీ మెయిల్ ఐడీ."

చదువైపోయాక కాలేజీవాళ్లు ఆ మెయిల్ మూసేశారు. కుర్రాడికి ఇవ్వాలని మనసు నిండా ఉంది, ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. డాట్ కామ్ లాంటి పేర్లకు ఐకాన్ (డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ) నిబంధన ప్రకారం రిజిస్ట్రార్, అంటే డొమైన్ అమ్మే కంపెనీ, గడువుకి సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఇంకోసారి గుర్తుచేయాలి, గడువు దాటిన 5 రోజుల్లోపు మరోసారి చెప్పాలి. వాళ్లు పంపే ఉంటారు, మూతబడిన పెట్టెలోకి.

ఇక రిజిస్ట్రార్ సపోర్టుతో చాటింగ్. మాస్టారు తన అగ్రిమెంటు స్కాన్ చేసి పంపారు. చాలా మర్యాదగా పక్కన పెట్టేశారు. నిజానికి వాళ్ల తప్పేం లేదు. వాళ్ల రికార్డులో రిజిస్ట్రెంట్ (డొమైన్ నమోదు చేసుకున్నవారు) అని ఎవరి పేరుందో వాళ్లే వాళ్లకు కస్టమర్. మీరూ మీరూ రాసుకున్నదానితో వాళ్లకేం పని? "నాదాన్ని నేను అడగడానికి ఇంత తతంగమేంటయ్యా" అని మాస్టారు చిరాకుపడితే, "మాస్టారూ, అది మీ పేరు మీద లేదండీ" అని చెప్పడం నాకే కష్టమనిపించింది.

పోనీ కుర్రాడి గుర్తింపు కార్డు పంపిద్దామంటే ఇంకో చిక్కు. రిజిస్ట్రెంట్ పేరు దగ్గర తన పేరు రాయలేదు. హాస్టల్లో నలుగురు స్నేహితులు కలిసి పెడదామనుకున్న డిజైన్ స్టూడియో పేరు రాశాడు. ఆ స్టూడియో పుట్టనేలేదు. లేని సంస్థకి గుర్తింపు కార్డు ఎక్కణ్ణించి తెస్తాం? చాట్‌లో అవతలి మనిషి మారినప్పుడల్లా కథ మొదటినుంచి. 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అనే వాక్యాన్ని చట్టం చేసి నిషేధించాలని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే. చివరికి పనికొచ్చింది ఏంటంటే, కుర్రాడి పాత ఫోన్‌లో మిగిలిపోయిన స్క్రీన్‌షాట్. డొమైన్ కొన్నప్పటి ఇన్వాయిస్ నంబరు, కార్డు చివరి 4 అంకెలు అందులో ఉన్నాయి. వాటితో వాళ్లు నమ్మి ఖాతా మెయిల్ మార్చారు. వెంటనే డబ్బు కట్టాం.

ఇంకా ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో కూడా తెలుసుకోండి. డాట్ కామ్ లాంటివాటికి గడువు దాటాక రిజిస్ట్రార్‌ని బట్టి గరిష్ఠంగా 45 రోజుల దాకా మామూలు రెన్యూవల్ అవకాశం ఉంటుంది. అన్నాళ్లూ ఆగాలని లేదు, ముందే తీసేయొచ్చు, వేలానికీ పెట్టొచ్చు. తీసేశాక 30 రోజులు రిడెంప్షన్, అంటే విడిపించుకునే గడువు, అప్పుడు అదనపు ఫీజు వాత పెడతారు. ఆపైన 5 రోజులు ఎవరూ ముట్టుకోలేని దశ, ఆ తర్వాత ఎవడు ముందొస్తే వాడిది. పాత పేర్ల కోసం కాచుకు కూర్చునే ప్రోగ్రాములుంటాయి, మనం టైప్ చేసేలోపు ఎగరేసుకుపోతాయి. 1999లో ఐకాన్ తెచ్చిన యూడీఆర్‌పీ అనే వివాద పద్ధతి ఉంది కదా అంటారు కొందరు. అది ట్రేడ్‌మార్కు పేర్లను దురుద్దేశంతో పట్టుకున్నవాళ్ల మీద వాడేది. మనకీ మన డెవలపర్‌కీ మధ్య తగువు తీర్చడానికి పెట్టింది కాదు.

కాబట్టి ఖాతా మీరే తెరవండి. డొమైన్ కొనడం రైలు టికెట్ బుక్ చేసుకున్నంత పని. 'మీకెందుకు శ్రమ' అన్న మాట వినగానే జాగ్రత్తపడండి. ఖాతా మెయిల్ మీ సొంతది, ఎప్పటికీ మీతో ఉండేది పెట్టండి. ఆఫీసు మెయిల్ వద్దు, కాలేజీది అసలే వద్దు, అదే డొమైన్ మీద నడిచే మెయిల్ అంతకన్నా వద్దు. డొమైన్ పోయిన రోజే ఆ మెయిలూ పోతుంది, తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టే. రెండంచెల లాగిన్ పెట్టి, రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసుకోండి. పేరు ముఖ్యమైనదైతే ఒకేసారి 10 ఏళ్ల దాకా కట్టుకోవచ్చు. డెవలపర్‌కి పని చేసుకోవడానికి చాలామంది రిజిస్ట్రార్లు వేరే యూజర్‌గా చేర్చే సదుపాయం ఇస్తున్నారు. అది లేకపోతే డీఎన్‌ఎస్‌లో (పేరుని సర్వర్‌కి కలిపే సెట్టింగుల్లో) ఏం మార్చాలో అతన్ని రాసి పంపమనండి, మీరే కాపీ చేసి అతికించండి. పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపించి, అర్ధరాత్రి "సార్, ఓటీపీ చెప్పండి" అంటే నిద్రమత్తులో చెప్పే అలవాటు మానేయండి. ఆ ఓటీపీ కాల్స్ గురించి నేను వేరే పురాణమే రాయగలను.

హోస్టింగ్ విషయంలో నేనంత పట్టుబట్టను. డొమైన్ మన దగ్గరుంటే హోస్టింగ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కానీ 'జీవితాంతం ఉచిత హోస్టింగ్' అని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి జీవితాంతం? అతను ఒక పెద్ద ఖాతా తీసుకుని అందులో పదిమంది సైట్లు పెడతాడు. కంట్రోల్ ప్యానెల్ అడిగితే ఇవ్వలేడు, ఇస్తే మిగతా తొమ్మిదిమందివీ మీకు కనిపిస్తాయి. దుర్బుద్ధితో కాదు, ఏర్పాటే అలాంటిది.

బ్యాకప్ అడిగితే జిప్ ఫైలొకటి చేతిలో పెడతారు. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన సైటైతే అందులో ఫైళ్లతోపాటు డేటాబేస్ కూడా ఉందో లేదో చూడండి, ఎస్‌క్యూఎల్ అన్న ఎక్స్‌టెన్షన్‌తో ఉంటుంది. మీరు రాసిన ప్రతి అక్షరం ఉండేది డేటాబేస్‌లోనే. అది లేని జిప్‌లో బొమ్మలూ థీమూ తప్ప ఏమీ ఉండవు. నా దగ్గరికొచ్చే బ్యాకప్‌లలో సగం ఇలాంటివే, మిగతా సగం సైటున్న సర్వర్‌లోనే దాచిపెట్టినవి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. డొమైన్ మీ పేరు మీదే ఉన్నా నేమ్‌సర్వర్లు (డీఎన్‌ఎస్ రికార్డులు ఎక్కడున్నాయో చెప్పేవి) డెవలపర్‌కి క్లౌడ్‌ఫ్లేర్ అనే డీఎన్‌ఎస్ సర్వీసులో ఉన్న ఖాతా వైపు చూపిస్తుంటాయి. కోపమొచ్చి ఒక్కసారిగా నేమ్‌సర్వర్లు మార్చేస్తే సైట్ వస్తుందేమోగానీ మెయిల్ ఆగిపోతుంది, ఎందుకంటే మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డు పాతచోటే ఉండిపోయింది. ముందు రికార్డులన్నీ, ముఖ్యంగా ఎమ్ఎక్స్, టీఎక్స్‌టీ (మెయిల్, ఖాతాల ధృవీకరణకి వాడేది), ఒకచోట రాసుకుని కొత్తచోట పెట్టాకే మార్చండి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (వెతికితే సైట్ ఎలా కనిపిస్తోందో చూపేది) వెరిఫైడ్ ఓనర్‌గా మీరుండాలి, అనలిటిక్స్‌లో (ఎంతమంది వచ్చారో లెక్కపెట్టేది) అడ్మిన్‌గా మీరుండాలి. పేమెంట్ గేట్‌వే అయితే చెప్పనే అక్కర్లేదు, మీ ఖాతా, మీ బ్యాంకు. పేజీ బిల్డర్ల (పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ల) లైసెన్సు మాత్రం తరచూ డెవలపర్‌దే వాడతారు. అతను వెళ్లిపోతే సైట్ ఆగదు, అప్‌డేట్లు ఆగుతాయి, కొన్నాళ్లకు ఆ కంతలోంచి హ్యాకర్ దూరతాడు. కాబట్టి ముందే అడిగి మీ పేరుతో కొనుక్కోండి.

అగ్రిమెంట్ దగ్గరికి వద్దాం, అడిగింది అదే కదా. డబ్బిచ్చాం కాబట్టి కోడ్ మనదే అనుకుంటారు చాలామంది. బయటి మనిషికి పని అప్పగిస్తే, చాలా దేశాల్లో కాపీరైట్ మొదట రాసినవాడిదే. అమెరికా సుప్రీం కోర్టు 1989లో ఒక శిల్పం తగువులో, చేయించుకున్న సంస్థ డబ్బిచ్చినా శిల్పి ఉద్యోగి కాదు, స్వతంత్రంగా పనిచేసిన మనిషి అని తేల్చింది. ఆ తర్కమే వెబ్‌సైట్‌కీ వర్తిస్తుంది. మన 1957 కాపీరైట్ చట్టంలో హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లకే అనుకుంటారు, ఏ ప్రాంతానికో రాయకపోతే దేశం వరకే. అందుకే కాలం, ప్రాంతం రెండూ రాయించండి. అయినా నా ఉద్దేశంలో జనం కోడ్ గురించి అనవసరంగా బెంగపడతారు. మామూలు సైట్ కోడ్ పోతే ఇంకొకరితో మళ్లీ కట్టించుకోవచ్చు. వర్డ్‌ప్రెస్ ఎలాగూ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు. పేరు పోతే మళ్లీ కట్టించుకోలేం.

డెవలపర్ల తరఫున కూడా ఒక మాట. ఆఖరి వాయిదా ఎగ్గొట్టి 'సోర్స్ కోడ్ ఇవ్వట్లేదు' అని ఏడ్చేవాళ్లను నేను చాలామందిని చూశాను. డబ్బు పూర్తిగా అందేదాకా కోడ్ ఆపుకోవడం నా దృష్టిలో న్యాయమే. డొమైన్ ఆపుకోవడం మాత్రం కాదు.

ఇక మీ సంగతి. డొమైన్ అతను ఇప్పటికే కొనేసి ఉంటే గొడవ పెట్టుకోకండి. అతను కొన్న రిజిస్ట్రార్ దగ్గరే మీరూ ఒక ఖాతా తెరిచి, 'డొమైన్ నా ఖాతాకి పుష్ చేయండి, మీరు కట్టిన డబ్బు ఇప్పుడే పంపుతాను' అని మెసేజ్ పెట్టండి. ఒకే రిజిస్ట్రార్ లోపల ఖాతా మార్చడం సాధారణంగా నిమిషాల పని. వేరే రిజిస్ట్రార్‌కి తీసుకెళ్లాలంటే ఆథ్ కోడ్ (బదిలీకి పాత రిజిస్ట్రార్ ఇచ్చే రహస్య కోడ్) కావాలి, కొత్తగా కొన్న పేరైతే సాధారణంగా 60 రోజులు కదలనివ్వరు కూడా. పుష్ అయ్యాక రిజిస్ట్రెంట్ పేరు, మెయిల్, ఫోన్ మీవేనా అని లోపలికెళ్లి చూడండి. బయట వెతికితే ప్రైవసీ వల్ల పేరు కనిపించదు. సైట్ మొదలవకముందే అడిగితే అతనికీ ఇబ్బంది ఉండదు, ఆ డబ్బు కూడా ఈ పూటే పంపేయండి.