డీబగ్గర్ వచ్చు, మరి మానిటరింగ్?

ప్రశ్న: బీటెక్ కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. డీబగ్గర్ (ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి తప్పు వెతికే సాధనం) బాగా వాడతాను. నడుస్తున్న సర్వర్ నెమ్మదిస్తే కారణం ఎలా కనుక్కుంటావని ఒక ఇంటర్వ్యూలో అడిగారు. డీబగ్గర్ తగిలించి చూస్తానంటే నవ్వారు. మానిటరింగ్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపకుండా లెక్కలతో గమనించడం) విడిగా నేర్చుకోవాలా?

జవాబు: నవ్వకుండా ఉండాల్సింది. అయితే మీ జవాబులో చిక్కు ఉంది. మీరు గుర్తు పెట్టిన చోట, అంటే బ్రేక్‌పాయింట్ దగ్గర, ప్రోగ్రామ్ ఆగిపోతుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఆగితే నష్టం లేదు. వేలమంది టికెట్లు కొంటున్న సర్వర్ ఆగితే అందరూ తెర వంక చూస్తూ కూర్చోవాలి. పైగా క్షణాల తేడాతో పుట్టే తప్పులు, ఆపి చూడగానే మాయమవుతాయి.

నాసా వ్యోమనౌక పాత్‌ఫైండర్ సంగతి చూడండి. 1997 జులై 4న అంగారకుడిపై దిగాక దాని కంప్యూటర్ తనంతట తానే పదేపదే రీసెట్ అయింది. అక్కడికి డీబగ్గర్ పట్టుకుని ఎవరు వెళతారు? లోపల జరిగేది నమోదు చేసే ఏర్పాటును ఇంజనీర్లు సాఫ్ట్‌వేర్‌లోంచి తీసేయలేదు. భూమిపై ఉన్న నకలులో దాన్ని నడిపి, అదే లోపాన్ని మళ్లీ రప్పించారు. ముఖ్యమైన పనికి కావలసిన తాళం (ఒకసారికి ఒక్క పనే పట్టుకోగలిగేది) అప్రధానమైన పని చేతిలో ఉండిపోయిందని, మధ్యస్థాయి పని ఒకటి ఆ అప్రధానమైన పనిని ముందుకు సాగనివ్వడం లేదని తేలింది. భూమి నుంచే సెట్టింగ్ మార్చి పంపారు.

కాబట్టి నేర్చుకోండి, డబ్బు కట్టే కోర్సు మాత్రం వద్దు. లెక్కలు పోగుచేసే ప్రొమీథియస్, వాటిని గ్రాఫులుగా చూపే గ్రాఫానా ఉచితంగా దొరుకుతాయి. 2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలైన ప్రొమీథియస్ పద్ధతి సులువు: మీ ప్రోగ్రామ్ తన లెక్కలను ఒక వెబ్ చిరునామాలో పెడుతుంది, ప్రొమీథియస్ వేళకు వచ్చి వాటిని తీసుకుపోతుంది. మీ కాలేజీ ప్రాజెక్టులో మూడే లెక్కలు పెట్టండి: వచ్చిన అభ్యర్థనలు, విఫలమైనవి, వరుసలో వేచి ఉన్నవి. తర్వాత కావాలనే దానిపై భారం పెంచి ఏ గీత ముందు లేస్తుందో చూడండి. ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గది ఆ అనుభవమే.

సైట్ రిలయబిలిటీ ఇంజనీర్ (సేవలు ఆగకుండా చూసుకునే ఇంజనీర్) ఉద్యోగమే నేరుగా కావాలని మాత్రం పట్టుబట్టవద్దు. సర్వర్ వైపు ప్రోగ్రాములు రాసే బ్యాకెండ్ పనిలో చేరినా ఇది అక్కరకొస్తుంది. డీబగ్గర్‌నూ వదలవద్దు. గ్రాఫు ఏ వేళకు, ఏ భాగంలో తేడా వచ్చిందో చూపుతుంది, తప్పు ఏ వాక్యంలో ఉందో చెప్పదు. లోపాన్ని మీ యంత్రంలో మళ్లీ రప్పించాక మీ పాత విద్యే పనికొస్తుంది.

ఒక జాగ్రత్త: లెక్కలను విడదీసి చూపే లేబుల్‌గా వినియోగదారుల ఫోను నంబర్లు తగిలించకండి. ఒక్కో నంబరుకు విడిగా ఒక్కో లెక్కల వరుస పుట్టి, ప్రొమీథియస్ మెమరీయే ముందు నిండిపోతుంది.