ఎవరికైనా సాయపడితే మనసు తేలికవుతుందా?

ప్రశ్న: నాకు 66 ఏళ్లు, రాజోలు దగ్గర పల్లెటూరు. మావారు పోయి రెండేళ్లయింది, పిల్లలు హైదరాబాద్‌లో ఉంటారు. పొద్దున్న కాఫీ తాగాక సాయంత్రం దాకా ఏం తోచదు, ఒక్కోసారి ఊరికే ఏడుపొస్తుంది. నలుగురికీ సాయపడితే బాగుంటావని మా చెల్లెలు అంటోంది. నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమేనమ్మా. అమెరికాలో 50 దాటిన దాదాపు 13 వేలమందిని గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదికి కనీసం 100 గంటలు, అంటే వారానికి దాదాపు రెండు గంటలు ఇతరుల కోసం పనిచేసినవాళ్లలో ఉత్సాహం, బతుక్కో అర్థం ఉందన్న భావన ఎక్కువగా కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే సాయానికి ముందుకొస్తారన్నదీ కొంత నిజమే, అయినా రెండు గంటలు పెద్ద భారం కాదు కదా.

డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలన్నవాళ్లకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన లంకలగన్నవరం మీ కోనసీమలోదే. మీరు అంత చేయక్కర్లేదు. సాయంత్రం వీధిపిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించండి, పక్కింటి పెద్దావిడకి బీపీ మాత్రలు వేళకి గుర్తుచేయండి, ఆవిడ దగ్గర కాసేపు కూర్చుని కబుర్లు చెప్పండి. ఓపిక లేనిరోజు మాత్రం "ఇవాళ నావల్ల కాదు" అనేయండి, మొహమాటపడి చేస్తే మనసు ఇంకా నలిగిపోతుంది.

ఇంకొకటి. ఏడుపు, నిద్రపట్టకపోవడం, ఆకలి లేకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే సేవతో సర్దుకోవాలని చూడకండి, డాక్టర్‌కి చూపించుకోండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలకీ చెప్పండమ్మా, టెన్షన్ పడతారని దాచకండి.