వరి ఆకుల మీద తెల్ల గీతలు: తెగులా, పురుగా?

ఆకు పొడవునా పడే ఆ తెల్ల గీతలు తెగులు కాదు, హిస్పా అనే పెంకు పురుగు పచ్చదనాన్ని గీకి తిన్న గుర్తులు. పెద్ద పురుగు అర సెంటీమీటరు ఉంటుంది; నీలి నలుపు, ఒళ్లంతా ముళ్లు. ఆకు పైపొరనే గోకుతుంది, అడుగు పొర జోలికి పోదు.

అసలు చిక్కు పిల్ల పురుగుతోనే. తల్లి ఆకు కొన దగ్గర లోపలికి ఒక్కో గుడ్డు దూరుస్తుంది. పిల్ల రెండు పొరల మధ్యే మేస్తూ అక్కడే ప్యూపాగా, అంటే పెద్ద పురుగయ్యే ముందు మేత మానేసి ఉండే దశకు, మారుతుంది. బొబ్బలాంటి మచ్చను వెలుతురుకు పట్టి చూడండి, పాలిపోయిన పురుగు కనబడుతుంది. పొరల చాటున ఉంటుంది కాబట్టి పైపైన తగిలే మందు దానికి అంతగా అంటదు.

ఉదాహరణకు కోవూరు వైపు నారుమడిలోనే గీతలు కనిపిస్తే, నాటే ముందు నారు కొనలు తుంచి పూడ్చేయాలి. గుడ్లు, పిల్లలు చాలావరకు వాటితోనే పోతాయి. కొనలు గట్టు మీద పారేస్తే ఆ పని దండగే.

చాలామంది దీన్ని తెగులనుకుని శిలీంధ్రనాశిని కొడతారు. పురుగుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. చేను తెల్లబడిందని యూరియా పెంచితే మెత్తటి ఆకు వచ్చి ఉధృతి ఎక్కువవుతుంది. దుబ్బుకు రెండు పెద్ద పురుగులో, దెబ్బతిన్న ఆకులు రెండో ఉంటేనే పురుగుమందు.